నిప్పు చూపించిన గొలుసు

కిటికీకి ఇవతల

నన్ను మా తండాలో ఇనుము డాక్టరమ్మ అంటారు. జ్వరానికి మందివ్వదు, సూది వెయ్యదు, మరిదేం డాక్టరని ఎవరైనా అడిగితే మా మేనత్త, "ఇరిగిన ఇనుపముక్కల నాడి చూస్తదంట, గదే దాని కొలువు" అని చెప్పేది. ఆమె చెప్పినదాంట్లో తప్పేం లేదు. జీవితమంతా నేను చేసింది అదే.

కురవి పక్కన తండాలో పుట్టి, భూపాలపల్లిలో ఒక లోహశాస్త్ర విభాగంలో ఉద్యోగానికి చేరి, అక్కడే తల నెరిసి, అక్కడే రిటైరయ్యాను. ఇప్పుడు మహబూబాబాద్‌లో స్టేషను వెనక రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడగకండి. అడిగినవాళ్లకల్లా ఒక్కో జవాబు చెప్పీ చెప్పీ, అసలుదేదో నాకే గుర్తులేకుండా పోయింది. తండాలో నావాళ్లు సగం మంది పనులు వెతుక్కుంటూ పట్నాలు పట్టిపోయారు. మా భాషలో మాట్లాడదామంటే గోడలు తప్ప ఎవరూ లేరు.

మొన్న విభాగంలో కొత్తగా చేరిన పిల్లలు ఫోన్ చేసి, "మేడం, మీ అనుభవాలు రాసియ్యుండ్రి, మాకు పనికొస్తయ్" అన్నారు. సరే, రాస్తాను. ఎవరికి ఎప్పుడు ఏ కుర్చీ దక్కిందో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో మాత్రం రాయను. అవి తెలిసి మీరేం చేసుకుంటారు?

మా విభాగంలో మూడు పనులు. పిల్లలకు శిక్షణ ఇవ్వడం, పరిశోధన చెయ్యడం, బయటివాళ్లు తెచ్చిన ఇనుమూ ఉక్కూ పరీక్షించి పెట్టడం. నేను మూడూ చేశాను గానీ, నా బతుకు ఎక్కువగా మూడోదాంట్లోనే గడిచింది. ఆ మూడోదానికి ఒక కట్టుబాటు ఉంది. నమూనా తెచ్చినవాళ్లు వరండాలో కిటికీ దగ్గర ఇచ్చి పోవాలి. గుమాస్తా దానికో నంబరు వేస్తాడు. లోపల పరీక్షించే మనిషికి ఆ నంబరు తప్ప ఇంకేం తెలియకూడదు. నమూనా తెచ్చినవాళ్లతో మాట్లాడకూడదు, వాళ్లిప్పించే చాయ్ తాగకూడదు. ఊళ్లో ఎవరు ఎప్పుడు నమూనా తెస్తారో చెప్పలేం కాబట్టి, నేను ఎవరింటికీ పోవడం మానేశాను. వాళ్లూ నన్ను పిలవడం మానేశారు. ఈ ఉద్యోగానికి వస్తున్న మీరు ఈ సంగతి ముందే తెలుసుకుని రండి. ఉక్కు పరీక్షించడం ఎవరికైనా నేర్పొచ్చు. ఒక్కళ్లే అన్నం తినడం మాత్రం ఎవరికి వాళ్లు నేర్చుకోవాల్సిందే.

మొదటి సారు

నాకు పని నేర్పిన సారు కోస్తా మనిషి. చేరిన కొత్తలో నేను, "సార్, గీ ముక్క గిట్ల పగిలింది" అంటే, "గిట్ల అంటే ఎట్లమ్మా? సినిమాలో హాస్యగాడిలా ఏంటా మాట?" అని అందరి ముందూ నవ్వేవాడు. పిల్లలూ నవ్వేవాళ్లు. మా ఇంటి భాష ఒకటి, ఊళ్లో తెలుగు ఒకటి, ఆయన కోసం నేర్చుకున్న తెలుగు ఇంకొకటి. మూడు భాషలొచ్చిన దాన్ని మూడింట్లోనూ నోరు మూసుకుని కూర్చున్నాను. మొత్తం విభాగంలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. మైక్రోస్కోపు గదిలో కర్టెన్లు వేసుకుని, కంటి ముందు కనబడేదాన్ని మా యాడితో చెప్పినట్టు మా భాషలో నాలో నేనే చెప్పుకునేదాన్ని. యాడి అంటే అమ్మ.

మనిషిగా ఆయన నాకు ఎన్నడూ నచ్చలేదు. గురువుగా మాత్రం ఆయనంతవాణ్ణి మళ్లీ చూడలేదు. విరిగిన రెండు ముక్కలు చేతికిస్తే ప్రతివాడూ చేసే మొదటి పని, వాటిని కలిపి అతుక్కుంటాయేమోనని చూడ్డం. అది మనిషి గుణం. ఆ పని చేశానని మొదటి వారంలోనే ఆయన బల్ల గుద్ది అరిచాడు. "ఎందుకు విరిగిందో ఆ అంచుల మీదే ఉంటుందమ్మా! రెండూ రాసుకున్నాయంటే చెరిగిపోతుంది. నువ్వే చెరిపావు!" ఆ రోజు అన్నం తినకుండా ఏడ్చాను. ఆ తర్వాత నా దగ్గర శిక్షణకు వచ్చిన ప్రతి పిల్లవాడి మీదా అదే మాట అంటూ అరిచాను.

ఆయన నేర్పినది ఇంకోటి ఉంది. "ముందు కళ్లతో చూడు. తర్వాత వాళ్లు చెప్పేది విను. ఆ తర్వాత విన్నదంతా మర్చిపోయి మళ్లీ చూడు" అనేవాడు. విన్నది మర్చిపోవడం ఎంత కష్టమో ఆయన చెప్పలేదు. ఆయనకూ తెలియదేమో.

మంచి కడ్డీలు, చెడ్డ ముక్కలు

కాంట్రాక్టర్లు స్లాబు కడ్డీలు పరీక్షకు తెస్తారు. ఎప్పుడైనా చూశారా, పరీక్షకొచ్చే కడ్డీలు పెళ్లికొడుకుల్లా ఉంటాయి. తుప్పు ఉండదు, వంపు ఉండదు. పరీక్షకిచ్చే ఇనుము వేరు, పిల్లర్లో వేసే ఇనుము వేరు. మన సంతకం మన చేతిలో తెగిన ఆ ఒక్క ముక్కకే. దాన్ని తీసుకుపోయి మొత్తం బిల్డింగుకు అతికించుకునేవాళ్లు అతికించుకుంటారు. అందుకే కాగితం మీద "మాకు అందిన ముక్క" అనే మాట లేకుండా ఎన్నడూ ఇవ్వకండి.

పరిశోధనలోనూ ఇదే జబ్బు. నాతో పనిచేసిన ఒకాయన దగ్గర ఒక విద్యార్థి ఉండేవాడు. ముక్కలన్నీ ఒకే లెక్క చెబుతుంటే ఒక్కటి మాత్రం అడ్డం తిరిగింది. "దాన్ని పక్కన పారెయ్, ఏదో తేడా జరిగి ఉంటది" అన్నాడాయన. పిల్లవాడు పారేశాడు. డిగ్రీ వచ్చింది, దావతు కూడా ఇచ్చాడు. ఆ అడ్డం తిరిగిన ముక్కేం చెప్పాలనుకుందో ఇవాళ్టి దాకా ఎవరికీ తెలియదు. నన్నడిగితే పరిశోధన అంటే ఆ ముక్కే. మిగతాదంతా టైపింగు.

శిక్షణకొచ్చిన పిల్లల్లో ఎవరు పనికొస్తారో మొదటి రోజే తెలిసిపోతుంది. కడ్డీని మిషన్లో పెట్టి రెండు వైపులా లాగుతాం. సాగి సాగి, సన్నబడి, ఒక్కసారిగా తుపాకీ పేలినట్టు ఠప్పున తెగుతుంది. కొందరు ఎగిరి గంతేసి, "వామ్మో!" అని గుండె పట్టుకుంటారు. కొందరు నవ్వి సెల్ఫీ దిగుతారు. భయపడ్డవాళ్లే మంచి పనివాళ్లయ్యారు. తెగేది తమ నెత్తి మీద తెగితే ఎట్లా ఉంటుందో వాళ్లకు ఒక్క క్షణం అర్థమయింది కాబట్టి.

వీరాచారి

ఇక అసలు సంగతి. చాలా కేసులు చేశాను. నిజంగా నాకు పని నేర్పింది ఒక్కటే.

ఒకరోజు మధ్యాహ్నం కిటికీ దగ్గర గొడవ వినబడింది. గుమాస్తా, "ఇచ్చి పోవాలే పెద్దాయనా, లోపటికి రానియ్యరు" అంటున్నాడు. అవతల ఒక మనిషి, "ఇచ్చి పోతే ఎట్ల? దీని ముచ్చట చెప్పద్దా నేను? దవాఖానల రోగి ముచ్చట అడగరా?" అంటున్నాడు. ఆ మాటకు నవ్వొచ్చి బయటికి తొంగి చూశాను. అక్కడే కట్టుబాటు తప్పింది.

ఆయన పేరు వీరాచారి. తరిగొప్పుల కమ్మరి. మహబూబాబాద్ వైపు ఒక గ్రానైట్ క్వారీలో కొలిమి పని చేసేవాడు. ఉలులకు పదును పెట్టడం, కొక్కేలు సరిచెయ్యడం, బండలెత్తే గొలుసులు చూసుకోవడం ఆయన పని. చేతిలో ఎర్ర గుడ్డ మూట. విప్పితే తెగిపోయిన గొలుసు కడియం, దాని పక్క కడియాలు మరికొన్ని. తెగినచోట పసుపూ కుంకుమా దట్టంగా మెత్తి ఉన్నాయి.

"ఇదేంటి, దీనికి పూజ చేశావా అన్నా?" అన్నాను.

"చెయ్యకపోతే ఎట్ల మేడం? పానం దీసింది గద" అన్నాడు.

తీసింది ఆయన తమ్ముడి ప్రాణమే. భిక్షపతి అని, అదే క్వారీలో బండలకు గొలుసు తగిలించే పని. ఆ పని ఇప్పించింది కూడా ఈ అన్నే. బండ పైకి లేచాక గొలుసు తెగింది. కింద భిక్షపతి ఉన్నాడు.

క్వారీ యజమాని, "తాగొచ్చి, మోయలేనంత బండ తగిలిచ్చిండు. తన చావు తనే తెచ్చుకుండు" అన్నాడట. ఆ మాట క్వారీ నుంచి ఊరికి పాకింది. భిక్షపతి అప్పుడప్పుడు తాగే మనిషే, అందుకే ఊరు తేలిగ్గా నమ్మింది. ఆయన భార్య సరోజన బోరింగు దగ్గరికి పోతే చుట్టూ గుసగుసలట. వీరాచారి యజమాని మీదికి పోయి, "నా తమ్ముడు ఆరోజు తాగలే, నాతోనే సద్ది తిన్నడు" అంటే, "అయితే ఆ గొలుసేదో తీస్కపోయి ఎక్కడ చూపిచ్చుకుంటవో చూపిచ్చుకో" అన్నాడట.

"తప్పు గొలుసుదా, నా తమ్మునిదా? గంతే చెప్పుండ్రి మేడం" అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. ఆ మాట ఆయన చెప్పకపోయినా బాగుండు, నేను వినకపోయినా బాగుండు. "నా చేతుల మీదికెల్లి పోయిన గొలుసు మేడం గిది. దాన్ని మంచిగ అర్సుకున్న. ఏటా దసరాకు ముంగట నేనే ఎర్రగ నిప్పుల వెట్టి, బూడిదల పండవెట్టి సేద దీర్చిన. గసుంటి గొలుసు ఎట్ల తెగుతది?"

జవాబు ఆ మాటలోనే ఉందేమోనని నాకు అనుమానమొచ్చింది. అయినా నంబరు వేయించి మూట లోపలికి తీసుకున్నాను. సారు చెప్పినట్టు, విన్నది మర్చిపోయి చూడాలి.

నిప్పు చూడని ముక్క

చదివే పిల్లలకు ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. గొలుసుకు సేద తీర్చడం మూఢనమ్మకం కాదు. పాతకాలపు మెత్తటి ఇనుముతో చేసిన గొలుసు బరువులెత్తీ ఎత్తీ బిరుసెక్కుతుంది. దాన్ని ఎర్రగా కాల్చి, బూడిదలో మెల్లగా ఆరనిస్తే బిరుసు పోయి మళ్లీ సాగే గుణం వస్తుంది. వీరాచారి తాతల కాలం నుంచి వస్తున్న ఆ వైద్యం సరైన వైద్యమే. కొత్త రకం గొలుసులు అట్లా కావు. వాటిని తయారుచేసేటప్పుడే కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి, మళ్లీ కాస్త వేడి చేసి బలం ఎక్కిస్తారు. ఆ బలమంతా ఆ పద్ధతిలోనే ఉంది. మళ్లీ ఎర్రగా కాల్చి నెమ్మదిగా ఆరబెడితే అది దిగిపోతుంది. చూడ్డానికి అదే గొలుసు, అంతే లావు, అదే బరువు. లోపల మాత్రం వేరే ఉక్కు.

పసుపు కడిగి చూశాను. కడియం సాగి, నడుము సన్నబడి తెగింది. పక్క కడియాలూ సాగాయి. అంటే బరువు ఎక్కువైందా, ఉక్కు మెత్తబడిందా? రెండింట్లోనూ ఇట్లాగే సాగుతుంది. తేల్చాలంటే అదే గొలుసులోది, వాడని ముక్క ఒకటి కావాలి. ఉంటే తెమ్మని గుమాస్తాతో కబురు చేయించాను.

నాలుగు రోజులు తిరక్కముందే వీరాచారి మళ్లీ వచ్చాడు. గొలుసు కొన్నప్పుడు పొడవెక్కువైందని కోసి స్టోర్‌లో పడేసిన ముక్క అది. కిటికీలోంచి ఇస్తూ, "గిది నిప్పు చూడని ముక్క మేడం. మూలకు పడున్నది. దీనికి ఒక్కసారి గూడ సేద దీర్చలే, పాపం" అన్నాడు. ఆ ఇనుపముక్క మీద ఆయన చూపిన జాలి నాకిప్పటికీ మనసులో మెదులుతుంది. తన మీద సాక్ష్యాన్ని తనే బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఆ సంగతి ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

నిప్పు చూడని ముక్క గట్టిగా, ఉండాల్సినట్టే ఉంది. తెగిన గొలుసుకు దాంట్లో సగం గట్టిదనం కూడా లేదు. మైక్రోస్కోపు కింద ఒకటి సన్నని నేతచీరలా కనబడింది, ఇంకోటి ముతక గోనెలా కనబడింది. బండ ఇంకా క్వారీలోనే పడి ఉంది. దాని కొలతలు తెప్పించి లెక్క కట్టాను. గొలుసు మోయాల్సిన బరువు లోపే ఉంది. కింది రాయి నుంచి బండ ఊడి వచ్చేటప్పుడు ఒక ఝట్కా పడుతుంది. మంచి గొలుసైతే దాన్ని ఓర్చుకునేది.

భిక్షపతి తప్పేం లేదు. ఎక్కువ బరువు ఎత్తలేదు. గొలుసును చేసినవాళ్ల తప్పూ లేదు. అన్న ప్రేమగా చేసిన పనే తమ్ముడి మీద పడింది.

కర్టెన్లు వేసిన ఆ గదిలో నేను చాలాసేపు కూర్చున్నాను. ఎవరికైనా చెప్పుకుందామంటే ఎవరున్నారు? మా భాషలో, "యాడీ, నేనేం చెయ్యాలె" అనుకుని ఏడ్చాను.

పాము, కర్ర

అప్పటికి మొదటి సారు రిటైరైపోయి, జనగామ వైపు మనిషి ఒకాయన హెడ్‌గా ఉన్నాడు. మంచివాడు. అందరి పెళ్లిళ్లకూ పోయేవాడు, అందరి చావులకూ పోయేవాడు. నేను రాసింది చదివి, కళ్లద్దాలు తీసి, తలుపు దగ్గరికి వేశాడు.

"కమలా, జర ఆలోచించు. కారణం కచ్చితంగ తేలలేదని రాద్దాం. పాము చావద్దు, కర్ర ఇరగద్దు. ఆయన బతికినన్ని రోజులు గిది మోయాల్నా?"

"రాయకపోతే తమ్ముడు తాగి చచ్చిండన్న మాట ఉంటది గద సార్."

"చచ్చినోనికి ఏమైతది? బతికినోన్ని చూడాలె గద మనం."

"ఆయన భార్య బతికే ఉన్నది సార్."

హెడ్ సారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. ఆయన్ను తప్పుబట్టను. దయగల మనిషి మాట్లాడినట్టే మాట్లాడాడు. ఒక్కసారి నాకూ ఆ దారే పట్టాలనిపించింది. కానీ ఆ మనిషి అడిగింది దయ కాదు. తప్పు గొలుసుదా, తమ్ముడిదా అని అడిగాడు. నాకు జవాబు తెలిసీ, తెలియదని రాస్తే, ఇన్నాళ్లూ ఒక్కదాన్నే అన్నం తిని కాపాడుకున్న కట్టుబాటుకు అర్థమేముంది? ఇవాళైనా నేను అదే రాస్తాను. మీరూ అదే రాయండి.

సంతకాలయ్యాయి. కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. కిటికీలోంచి చేతికిస్తారు. వీరాచారి దాన్ని క్వారీ ఆఫీసుకే తీసుకుపోయి ఎవరితోనో చదివించుకుంటాడు. "తమ్మున్ని సంపుకున్నవ్ గదనే ఆచారీ" అని ఎవడో నవ్వుతూ అంటాడు. ఆ నవ్వు ఆయన చెవిన పడకముందే నేను చెప్పాలనుకున్నాను. సెలవు పెట్టి, కాగితం సంచిలో వేసుకుని బస్సెక్కాను. నమూనా తెచ్చిన మనిషి ఇంటికి పోవడం నా సర్వీసులో అదొక్కసారే.

తరిగొప్పుల

జనగామలో బస్సు మారి తరిగొప్పులలో దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. కమ్మరి ఇల్లేదని అడిగితే, "తాగి సచ్చినోనిదా, ఆయన అన్నదా?" అని అడిగాడొకతను. రెండిళ్లూ ఒకే వాకిట్లో ఉన్నాయి.

వీరాచారి నన్ను చూసి గబగబా లేచి, భుజం మీది తువ్వాలతో మంచం దులిపాడు. "గింత దూరం మీరెందుకొచ్చిన్రు మేడం? కబురు పంపితే నేనే రాకపోదునా?" అన్నాడు. సరోజన నీళ్లు తెచ్చిచ్చి, తలుపు పక్కన నిలబడింది. ముఖం మీదికి కొంగు లాక్కుని ఉంది.

ఎట్లా మొదలుపెట్టానో సరిగ్గా గుర్తులేదు. "అన్నా, మీ తమ్ముడు ఎక్కువ బరువు ఎత్తలే. బండ లెక్క కట్టిన. ఆయన తప్పు ఇంత గూడ లేదు" అన్నాను. ఆయన కళ్లు మెరిశాయి. "నేన్జెప్పలే?" అన్నాడు సరోజన వైపు తిరిగి.

"మరి గొలుసు చెడ్డదా మేడం? చేసినోళ్లు మోసం జేసిన్రా?"

"లేదన్నా. మంచి గొలుసే."

"మరి?"

చెప్పాను. పాత ఇనుమూ కొత్త ఉక్కూ తేడా చెప్పాను. నిప్పు చూడని ముక్క ఎట్లా ఉందో, చూసింది ఎట్లా ఉందో చెప్పాను. ఆయన అడ్డు రాలేదు. పనివాడు కాబట్టి సగంలోనే అర్థమయింది. చేతులు రెండూ తిప్పి చూసుకుని, ఒళ్లో పెట్టుకున్నాడు.

"నీకెవరూ చెప్పలేదన్నా. కొత్త గొలుసొచ్చినప్పుడు దీనికి నిప్పు చూపియ్యద్దని చెప్పాల్సింది కొన్నోళ్లు. నీ తప్పు గాదు" అన్నాను. నిజమే చెప్పాను. ఆయన చెవికి ఎక్కలేదు.

"సరోజా, ఇన్నవా? వాడు తాగలే. ఎక్కువ ఎత్తలే. నేనే... నా చేతులే" అన్నాడు.

సరోజన కదల్లేదు. ఈమె ఇప్పుడేమంటుందో, శాపనార్థాలు పెడుతుందో, ఏడుస్తుందో అని నేను ఆమె వైపే చూశాను. ఆమె కొంగు వెనక్కి తోసుకుంది. ముఖం మొదటిసారి కనబడింది. చాలా చిన్నపిల్ల.

"బావా, గా మొదటి మాట ఇంకోసారి అనుండ్రి. తాగలే అన్న మాట. గట్టిగ అనుండ్రి, బజారుకు ఇనవడేటట్టు" అంది.

వీరాచారి లేచాడు. వాకిలి దాటి బజార్లో నిలబడ్డాడు. కిరాణం ముందు కూర్చున్నవాళ్లు తలెత్తి చూశారు. "ఇనుండ్రి! నా తమ్ముడు తాగలే! ఎక్కువ బండ ఎత్తలే! ఆఫీసోళ్లు పరీచ్చ జేసి కాయితమిచ్చిన్రు. గొలుసును కాల్చి పాడు జేసింది నేను! తప్పు నాది! ఇగ వాని పేరెత్తితే మర్యాద దక్కది!" అని అరిచాడు. వెనక్కొచ్చి కొలిమి పక్కన కూలబడి, పసిపిల్లవాడిలా ఏడ్చాడు. సరోజన ఆయనకు కాస్త దూరంగా కూర్చుని తనూ ఏడ్చింది.

నాకు అక్కడ ఉండాలనిపించింది. ఉండడానికి నేనెవరిని? కాగితం మంచం మీద పెట్టి, పోయొస్తానని చెప్పి బస్టాండుకు నడిచాను.

ఫోను

వీరాచారి క్వారీ మానేశాడు. ఊళ్లోనే కొలిమి పెట్టుకుని రైతుల పనులు చేస్తున్నాడు. కొన్ని నెలలకు నాకు ఫోను చేశాడు, కాగితం మీది నంబరు ఎవరితోనో చదివించుకుని. ట్రాక్టరు నాగలి పళ్లు వంగితే తెచ్చారట. "గిది కొత్త ఉక్కు లెక్కున్నది మేడం. నిప్పుల వెట్టొచ్చునా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. ఎట్లా పోల్చుకోవాలో, ఎంత వేడి చెయ్యాలో చెప్పాను. సంతోషమేసింది.

తర్వాత గొడ్డలికి చేశాడు, గడ్డపారకు చేశాడు. ఏదొచ్చినా, కొలిమిలో పెట్టే ముందు నన్నడిగేవాడు. నేను రిటైరై మహబూబాబాద్ వచ్చాక కూడా ఆ ఫోను ఆగలేదు. నిజం చెప్పాలంటే నాకు వచ్చే ఫోను అదొక్కటే. దానికోసం ఎదురుచూడ్డం మొదలుపెట్టాను. ఒక మనిషికి తన చేతుల మీద నమ్మకం పోతే, నాకు పలకరించే గొంతు దొరికింది. సిగ్గుపడాల్సిన సంగతే. పడ్డాను కూడా. అయినా మోగకపోతే రోజంతా వెలితిగా ఉండేది.

మొన్న వరికోతల ముందు మళ్లీ చేశాడు. "మేడం, కొడవలొచ్చింది. నిప్పుల వెట్టొచ్చునా?"

నాకు ఒళ్లు మండింది. "ఏందన్నా గిది? తాతల కాన్నుంచి మీరు చేస్తున్న కొడవలి. నేను దాంతోని కోసిన గనీ చేసి ఎరుగ. నీకు తెల్వదా?"

"తెల్సు మేడం."

"మరెందుకడుగుతవ్?"

"ఎవలన్న ఒకలు పెట్టు అంటే చెయ్యి లేస్తది. ఉత్తగ లేస్తలేదు" అన్నాడు.

ఇన్నేళ్లలో నేను ఆయనకు "నీ తప్పు గాదు" అని నమ్మేటట్టు చెప్పలేకపోయాను. ఈ ఒక్క మాటైతే చెప్పగలను.

"పెట్టన్నా. మంచిగ పెట్టు" అన్నాను.

ఆయన ఫోను కట్ చెయ్యకుండా పక్కన పెట్టినట్టున్నాడు. కొలిమి బుసలు వినిపించాయి, కాసేపటికి సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. అవి ఆగేదాకా నేను ఫోను చెవి దగ్గరే పట్టుకుని కూర్చున్నాను.